సర్చూలో కిందికి దారి లేదు: మనాలీ నుంచి లేహ్ దాకా సైకిల్ మీద నా అనుభవం

2024 ఆగస్టు 30న మనాలీలో సైకిలెక్కి సెప్టెంబరు 16న లేహ్‌లో దిగాను. సుమారు 475 కిలోమీటర్ల ఈ దారికి మేము వేసుకున్న లెక్క పన్నెండు రోజులు. అయినవి పద్దెనిమిది. ఆ ఆరు రోజులు ఎక్కడ పోయాయో, అందులో నా తప్పు ఎంతో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఈ దారి గురించి చదివి వెళ్ళినవాణ్ణే కానీ, నేను చదివిన వాటిలో ఎత్తు వల్ల వచ్చే తలనొప్పిని దాచుకున్న మనిషి ఒక్కడూ కనిపించలేదు. అలాంటివాడు కనిపించి ఉంటే నాకు కొంత ఉపయోగపడేది.

నాతో వచ్చినవాడు నా భార్య తమ్ముడు. అతనికి ముప్పై ఒకటి, నాకు నలభై మూడు. ఏడాది పొడుగునా ఆదివారాలు అరకు ఘాట్ రోడ్డు ఎక్కి దిగాము కనుక కాళ్ళ విషయంలో ఇద్దరికీ బెంగ లేదు. ఆగస్టు 26న సైకిళ్ళను అట్టపెట్టెల్లో సర్ది ఢిల్లీకి విమానంలోనూ, అదే రాత్రి మనాలీకి బస్సులోనూ వెళ్ళాము. బస్సు టికెట్టు ఒక్కొక్కరికి పదహారు వందలు. సైకిల్ పెట్టెకు బస్సు దగ్గర బేరమాడితే ఆరువందలకు దిగారు. స్టవ్వుకు వాడే గ్యాస్ డబ్బాలను విమానంలోకి రానివ్వరని తెలిసి వాటిని మనాలీలోనే కొనుక్కున్నాము.

మొదటి దెబ్బ మనాలీలోనే తగిలింది. పెట్టె విప్పి చూస్తే నా సైకిల్‌కు వెనక గేరు మార్చే పరికరం వేలాడే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారు దాన్ని, లోపలికి వంగి ఉంది. వెనక అతి పెద్ద పళ్ళ చక్రం మీదికి వేస్తే గొలుసు చువ్వల్లోకి పోతోంది. అరచేతిలో పట్టే ఆ ముక్క ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారంలో ఉంటుందనీ, ఒకదానిది మరొకదానికి సరిపోదనీ నాకు అప్పుడే తెలిసింది. ఒక మెకానిక్కు రెండు రోజులు ప్రయత్నించి దాన్ని సాపు చేసి ఏడువందలు తీసుకున్నాడు. "మళ్ళీ వంగితే విరుగుతుంది, జాగ్రత్త" అని కూడా చెప్పాడు. సైకిల్ కొన్నప్పుడే విడి హ్యాంగర్ ఒకటి తీసుకుని సంచిలో పడేసి ఉంటే 28న బయలుదేరేవాళ్ళం. లేహ్ నుంచి తిరుగు విమానం సెప్టెంబరు 10న ఉంది. పోయిన రెండు రోజులను ఎక్కడో ఒకచోట రాబట్టాలని ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాము. కేలాంగ్‌లో పెట్టుకున్న విశ్రాంతి రోజునూ, పట్సియో దగ్గర పెట్టుకున్న మజిలీనీ కొట్టేశాము. తరువాత జరిగినదంతా ఆ రెండు గీతల వల్లే.

30న మనాలీ నుంచి మఢీ దాకా ముప్పై నాలుగు కిలోమీటర్లు ఏకధాటిగా ఎక్కుడు. అటల్ సొరంగం 2020లో తెరిచినప్పటి నుంచి లేహ్ వెళ్ళే బళ్ళు చాలావరకు దాని గుండానే పోతున్నాయి కనుక రోహ్‌తాంగ్ రోడ్డు సైకిల్ తొక్కేవాళ్ళకు వరమైంది. పర్యాటకుల కార్లకు పర్మిట్ కావాలి. మమ్మల్ని మాత్రం చెక్‌పోస్టులో పేర్లు రాసుకుని పంపించారు. మఢీలో రాత్రంతా వాన పడింది. మర్నాడు పది అడుగుల దూరం కూడా కనిపించని పొగమంచులో 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కాము. అవతలి వైపు రెండు మలుపులు దిగామో లేదో, మబ్బు కత్తితో కోసినట్టు తెగిపోయి ఎండ వచ్చింది. రుతుపవనాల మబ్బులను పీర్ పంజాల్ కొండలు ఆపేస్తాయని చిన్నప్పుడు భూగోళంలో చదివాను. కుడి భుజం తడిగా ఉండగానే ఎడమ భుజం ఎండలో కాలడం మాత్రం అక్కడే చూశాను.

ఆ రాత్రి సిస్సూలో, మర్నాడు చంద్రా, భాగా నదులు కలిసే తాండీ మీదుగా కేలాంగ్‌లో, సెప్టెంబరు 2న దార్చాలో పడుకున్నాము. ఈ మూడు చోట్లా ఎత్తు సుమారు 3,100 నుంచి 3,360 మీటర్లే. ఆకలి బాగా వేస్తోంది, నిద్ర పడుతోంది, కాళ్ళు మాట వింటున్నాయి. మాకు ఎత్తు అలవాటైపోయిందని దార్చాలో గట్టిగా అనుకున్నాము. నిజానికి అలవాటైనది 3,300 మీటర్ల ఎత్తు మాత్రమే. అంతకు మించి శరీరం ఎరగదు.

3వ తేదీన దార్చా నుంచి జింగ్‌జింగ్‌బార్‌కు బయలుదేరాము. పాత లెక్క ప్రకారం దీపక్ తాల్ చెరువు దాటాక పట్సియో దగ్గర, అంటే 3,800 మీటర్ల చుట్టుపక్కల, ఒక రాత్రి ఆగాలి. పన్నెండు గంటలకే అక్కడికి చేరాము. ఒంట్లో ఓపిక ఉంది, ఎండ ఉంది, కొట్టేసిన గీత కాగితం మీద ఉంది. ఆగలేదు. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెరగకూడదన్న నియమం ఇద్దరికీ కంఠతా వచ్చు. ఆ ఒక్క రోజునే తొమ్మిదివందలు పెంచాము.

పాగల్ నాలా, అంటే పిచ్చి వాగు, దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. దాని పేరుకు తగ్గట్టే పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం మరో రకంగా ఉంటుంది. ఎండకు పైన మంచు కరిగి నీరు మోకాలి దాకా వచ్చి, అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. సైకిల్‌ను నీరు పోయే వైపు పట్టుకుని, బూట్లు విప్పకుండా దాటాము. విప్పితే రాళ్ళకు కాళ్ళు తెగుతాయి, విప్పకపోతే మర్నాటికి బూట్లు ఆరవు. ఇలాంటి నాలాలను తొమ్మిది గంటల లోపు దాటితే చీలమండ దాకా కూడా తడవదని సాయంత్రం ధాబాలో ఒక లారీ డ్రైవరు చెప్పాడు.

జింగ్‌జింగ్‌బార్‌లో పారాచూట్ గుడ్డతో వేసిన డేరాలో మంచానికి నాలుగువందలు. రాత్రి ఏడింటికి కణతల దగ్గర తలనొప్పి మొదలైంది. నీళ్ళు తక్కువ తాగానేమోనని లీటరు తాగాను, తగ్గలేదు. పప్పూ అన్నమూ పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టాను.

"తలనొప్పి ఏమైనా ఉందా బావా?" అని అడిగాడు.

"లేదు, అలసట అంతే" అన్నాను.

ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. అతనికంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి. దారంతా అతని వెనకే తొక్కాను. ఉందంటే మర్నాడు ఆగాలి, ఆగితే విమానం పోతుంది, అది నా వల్ల పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగి నోట్లోంచి "లేదు" అని వచ్చింది. నా మందుల సంచిలో, ఎత్తుకు శరీరం త్వరగా అలవాటుపడటానికి వేసుకునే అసిటజోలమైడ్ మాత్రలు ఇంటి నుంచి తెచ్చుకున్నవి తెచ్చుకున్నట్టే ఉన్నాయి. వేసుకుంటే కాళ్ళ బలంతో ఎక్కినట్టు కాదన్న పిచ్చి అభిమానం కొద్దీ వాటి జోలికి కూడా పోలేదు.

4వ తేదీ పొద్దున నొప్పి కాస్త తెరిపి ఇచ్చింది. అది మరీ మోసం. జింగ్‌జింగ్‌బార్ నుంచి బారాలాచా కనుమకు సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు. నా సైకిల్‌కు ముందు అతి చిన్న చక్రానికి ఇరవై రెండు పళ్ళు, వెనక అతి పెద్దదానికి ముప్పై ఆరు. ఆ గేరులో కూడా గంటకు నాలుగు కిలోమీటర్లు దాటలేదు. సూరజ్ తాల్ చెరువు దగ్గర అతను ఫొటోలు తీస్తుంటే నేను హ్యాండిల్ మీద తల ఆనించి నిలబడ్డాను. సుమారు 4,890 మీటర్ల కనుమ మీదికి రెండింటికి చేరి, జెండాల దగ్గర ఆగకుండానే దిగాను. దిగుతున్నాను కదా, తగ్గిపోతుందనుకున్నాను. అయితే అటు దిగితే వచ్చేది సర్చూ. దాని ఎత్తు సుమారు 4,290 మీటర్లు, అంటే కిందటి రాత్రి పడుకున్న చోటికి సమానం. ఎత్తు సరిపడని శరీరానికి ఆ దిగుడు దిగుడే కాదు.

సర్చూ ఒక పొడవాటి మైదానం. హిమాచల్‌కూ లద్దాఖ్‌కూ హద్దు అక్కడే. చుట్టూ చూస్తే ఎంతో విశాలంగా ఉంటుంది కానీ, జబ్బుపడినవాడికి అది మూతపడిన గిన్నె లాంటిది. వెనక్కి దిగాలంటే ముందు బారాలాచా ఎక్కాలి. ముందుకు పోదామంటే 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ కనుమ ఎక్కాలి, అది దాటినా వచ్చేది సర్చూ కంటే ఎత్తైన పాంగ్. ఎటు చూసినా ఎక్కకుండా దిగే దారి లేదు. పటంలో ఈ సంగతి అంతకుముందు నేను వందసార్లైనా చూసి ఉంటాను. దాని అర్థం ఆ రాత్రి తెలిసింది.

తొమ్మిదింటికి మొదటి వాంతి, పదకొండుకు రెండోది. తలనొప్పి ఎలా ఉందంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా కళ్ళ వెనక ఎవరో తలుపు తోస్తున్నట్టు ఉంది. పడుకుంటే ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నాను. ఒంటిగంటకు అతను లేచి నా వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు తగిలించాడు. 68 చూపించింది. అతనిది 83. నా వేళ్ళు చల్లగా ఉన్నాయేమోనని చంకలో పెట్టించి వేడెక్కించి మళ్ళీ చూశాడు. 69.

"ఎప్పటి నుంచి బావా?"

"నిన్న రాత్రి నుంచి."

ఏమీ అనలేదు. తల దీపం పెట్టుకుని, నన్ను బయటికి తీసుకెళ్ళి, కంకరలో మడమతో పది అడుగుల గీత గీశాడు. దాని మీద ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా నడవమన్నాడు. మెదడులో వాపు మొదలైతే మనిషి ఆ గీత మీద నిలవలేడు. ఆ చలిలో, అతని దీపం వెలుగులో నా పాదాలు మాత్రమే కనిపిస్తూ ఉండగా, చిన్నపిల్లాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. అటు వెళ్ళి ఇటు వచ్చాను, తూలలేదు. అతను దీపం ఆర్పి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. సీసాలో మిగిలిన నీళ్ళు తెల్లారేసరికి గడ్డకట్టాయి.

డేరా నడిపే దీదీ మా మాటలకు లేచి వచ్చి, ఇలాంటివి ఎన్నో చూసినదానిలా ముందు ఒక చిన్న ఆక్సిజన్ డబ్బా ఇచ్చింది. తరువాత పక్క డేరాలో పడుకున్న పికప్ డ్రైవరును లేపింది. అతను ఎనిమిది వేలకు కేలాంగ్ దాకా వస్తానన్నాడు. ఖాళీగా తిరిగి రావాలి కనుక అది మరీ అన్యాయమైన ధరేమీ కాదు. నగదే కావాలన్నాడు. అక్కడ సిగ్నల్ లేదు, ఫోనుతో చెల్లించే దారి లేదు. అత్యవసరానికని పది వేలు విడిగా దాచిన సంచి ఆనాడు కాపాడింది. సైకిళ్ళను దీదీ దగ్గరే వదిలి 5వ తేదీ వేకువన నాలుగున్నరకు బయలుదేరాము. బారాలాచా మీద పావుగంట సేపు ఆ డబ్బా మూతికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పట్సియో దాటాక ఆకలిగా అనిపించింది. దార్చా చేరేసరికి తలనొప్పి సగానికి పైగా పోయింది. మందు ఏమీ లేకుండా, కేవలం కిందికి దిగినందుకే అంత తేడా వస్తుందని అనుభవిస్తే తప్ప నమ్మలేము.

కేలాంగ్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీకి పది రూపాయలు, గంటన్నర ఆక్సిజన్, కొన్ని మాత్రలు. ఊపిరితిత్తుల్లో నీరు లేదని డాక్టరు రెండుసార్లు విని నిర్ధారించుకున్నారు. గీత మీద నడిచిన సంగతి చెబితే, "అందులో తప్పి ఉంటే మిమ్మల్ని ఈ ఏడు మళ్ళీ పైకి పోనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. తలనొప్పి పూర్తిగా పోయాక రెండు రోజులు ఆగి, మధ్యలో ఒక మజిలీ చేసి, అసిటజోలమైడ్ పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా వేసుకుంటూ వెళ్ళమన్నారు. సల్ఫా మందులు పడతాయా అని ముందే అడిగారు. ఆ మాత్ర వల్ల రాత్రి మూడుసార్లు డేరా బయటికి పోవాల్సి వస్తుందనీ, వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టు జివ్వుమంటాయనీ, సోడా తాగితే రుచి చెడిపోయినట్టు ఉంటుందనీ నాకు ఎవరూ చెప్పలేదు, కనుక ఇక్కడ చెబుతున్నాను.

కేలాంగ్‌లో మూడు రాత్రులు ఉన్నాము. దారి మొత్తంలో కష్టమైన రోజులు అవే. ఒళ్ళు బాగానే ఉంది, చేసే పని లేదు, కిటికీలోంచి సైకిళ్ళ మీద పైకి పోయేవాళ్ళు కనిపిస్తున్నారు. రెండో రోజు విమానం టికెట్లు వదులుకున్నాము. పదమూడు వేల నాలుగువందలు పోయాయి. 17వ తేదీకి కొత్తవి పందొమ్మిది వేల ఎనిమిదివందలు. ఆ సొమ్ము చూసి బాధపడుతుంటే అతను నవ్వి, "రెండు రోజులు మిగుల్చుకున్నందుకు బావా" అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది.

8న బస్సులో దార్చా, 9న దీపక్ తాల్ దగ్గర డేరా, 10న షేర్ జీపులో సర్చూ. రెండోసారి బారాలాచాను జీపులో దాటాము కానీ, మొదటిసారి తొక్కే దాటాము కనుక లెక్కలో లోటు లేదని అతను తేల్చాడు. దీదీ సైకిళ్ళను తార్పాలిన్ కప్పి ఉంచింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, రెండు పూటలు అక్కడే తిన్నాము.

ఇక అక్కడి నుంచి తొందరపడలేదు. 11న ఇరవై నాలుగు కిలోమీటర్లు పోయి గాటా మలుపుల అడుగున ఆగాము. 12న పొద్దున ఆ ఇరవై ఒక్క మలుపులూ ఎక్కాము. వాటి వాలు భయపడినంత లేదు, ఎండే ఎక్కువ. ఒక మలుపులో నీళ్ళ సీసాలు కుప్పగా పడి ఉన్నాయి. అక్కడ దాహంతో చనిపోయిన లారీ క్లీనరు కోసం దారినపోయేవాళ్ళు పెడతారని చెప్పుకుంటారు. మా దగ్గర ఇద్దరికీ కలిపి లీటరున్నర ఉంది, పాంగ్ దాకా నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. అతను తన సీసాలోంచి రెండు గుక్కలు ఆ రాళ్ళ మీద పోసి వచ్చాడు. మలుపులు అయిపోతే కనుమ వచ్చేసినట్టే అనుకుంటాము కానీ, పైన నకీలా అనే మరో కనుమ ఉంది, అది దాటి విస్కీ నాలాలోకి దిగి, పోయిన ఎత్తంతా మళ్ళీ కట్టుకుంటూ లాచులుంగ్ ఎక్కాలి. మనసు నీరసపడేది ఆ మధ్య దిగుడులోనే. పాంగ్ చేరేసరికి సాయంత్రం ఆరున్నర. 13న అక్కడే ఆగాము. ఆగాలని ముందే రాసుకున్నాము, ఈసారి ఆ గీత ఎవరూ కొట్టేయలేదు.

14న మోరే మైదానం. నలభై కిలోమీటర్లకు పైగా చదునైన తారురోడ్డు, దారిలో నీళ్ళు లేవు. మధ్యాహ్నం నుంచి ఎదురుగాలి మొదలైతే చదును మీద కూడా గంటకు ఎనిమిది కిలోమీటర్లకు పడిపోయాము. డెబ్రింగ్‌లో రాత్రి గడిపి 15న తగ్లాంగ్ కనుమ. 5,328 మీటర్లు. గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు సగం. చివరి ఐదు కిలోమీటర్లు వంద తొక్కుళ్ళు లెక్కపెట్టడం, ఆగడం, ఇరవై ఊపిరులు తీయడం, మళ్ళీ వంద. పైకి చేరాక అతను నా వైపు తిరిగి అదే మాట అడిగాడు.

"ఉంది" అన్నాను. "వెనక వైపు, కొంచెం."

ఫొటో ఒక్కటే తీసుకుని, జాకెట్లు వేసుకుని దిగిపోయాము. రుమ్‌ట్సే దగ్గర బార్లీ చేలు కనిపించేసరికి నొప్పి లేదు. ఆ రాత్రి ఉప్శీలో, మర్నాడు సింధు నది వెంట లేహ్‌కు.

లేహ్‌లో ముందుగా అట్టపెట్టెల కోసం తిరిగాము. సైకిల్ పెట్టెలు దొరక్క రెండు పెద్ద టీవీల పెట్టెలు మూడువందలకు కొని, కత్తిరించి టేపు వేశాము. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు కనుక అతని ఫోను మూగబోయింది. నాది పోస్టుపెయిడ్. గెస్ట్‌హౌస్ గదిలో సిగ్నల్ రాగానే నా భార్యకు ఫోను చేశాను. సర్చూ సంగతి ఇంటికి వెళ్ళాక నిదానంగా చెప్పాలని, బండి చెడి ఆలస్యమైందన్న మాట ఒకటి తయారుగా పెట్టుకున్నాను.

"తలనొప్పి ఎలా ఉందండీ ఇప్పుడు?" అంది తను.

పక్క మంచం మీద టేపు చుట్ట సర్దుకుంటూ అతను తల ఎత్తలేదు. "అక్కకు కేలాంగ్‌లోనే చెప్పేశాను బావా" అన్నాడు.